పులుపు లెక్క

రోజు 391

డాక్టర్ సలోమి ఇవాళ కొత్త పుస్తకం ఇచ్చింది. "ఏం తిన్నావో, ఒళ్ళెలా ఉందో, లెక్క ఎంతొచ్చిందో రాయి. అబద్ధం మాత్రం రాయకు. మిగతాది నీ ఇష్టం" అంది. రోజులు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలో ఆవిడ చెప్పలేదు. మా ఆయన పోలారావు, కూతురు ముత్యం సముద్రం పైకి వెళ్ళిన రోజు నుంచి నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఇవాళ్టికి మూడువందల తొంభై ఒకటి.

నా పేరు నూకరత్నం. లోతూరులోనే పుట్టాను. మా ఇళ్ళ నెత్తిమీద నూరు బారల నీళ్ళున్నాయి. ఊరి కిటికీ అద్దాలకి బయటివైపు పట్టే గుల్లలు గీకడం నా పని. వారానికి నాలుగుసార్లు నీళ్ళలోకి దిగుతాను.

తిన్నది: ఉడకబెట్టిన చేప, నాచుకూర, ఉప్పు. ఒళ్ళు: నాలుక మీద తెల్లపూత, చంకల్లో దురద, పొట్ట ఉబ్బరం. కూచుని లేస్తే మళ్ళీ కూచోవాలనిపించేంత నీరసం. లెక్క: 64.

ఈస్టు అందరి ఒంట్లోనూ కొంచెం ఉంటుందట. ఇక్కడి తేమకి, క్రిములు చావడానికి మందు కలిపి మేం తాగే నీళ్ళకి, కొందరిలో అది హద్దు దాటి పెరుగుతుంది. దాన్ని మేం పులుపు అంటాం. వారం వారం రక్తం తీసి, అదెంతుందో చెప్పే అంకే లెక్క. నాకున్న సంగతి ముత్యం ఐదో పుట్టినరోజున బయటపడింది. రెండు గిన్నెల పాయసం తిని గాలిపంపు దగ్గర డ్యూటీకి వెళ్ళాను. గంటలో తూలి పడ్డాను. తాగొచ్చిందన్నారు. జన్మలో చుక్క ముట్టని దాన్ని. డాక్టరమ్మ రక్తం తీసి చూసి, నేను తిన్న తీపిని నా పేగుల్లో ఈస్టు సారా చేస్తోందని చెప్పింది. ఆ రోజు నుంచి నాకు పంపు డ్యూటీ లేదు, తీపీ లేదు, పిండిపదార్థమూ లేదు.

ఆ తర్వాతి ఏడు ముత్యానికి దగ్గు ముదిరింది. ఈ తేమలో ఉంటే దాని ఊపిరితిత్తులు నిలవవన్నారు. లోతూరు పులుపుకి పైవాళ్ళ మందులు పనిచెయ్యవు, అందుకని వాళ్ళకి మేమంటే భయం. వారానికొకటి చొప్పున వరసగా మూడు పరీక్షల్లో లెక్క ఇరవైకి తక్కువ వస్తేనే పైకి చీటీ ఇస్తారు. పోలారావుకి వచ్చింది, పిల్లకి వచ్చింది. నాకు రాలేదు.

రోజు 396

పొడిగదిలో గంటసేపు కూచున్నాను. వేడి దీపాలు, రెండు ఫ్యాన్లు. ఒంటి మడతలన్నీ ఆరేదాకా చేతులు పైకెత్తి కూచోవాలి. గున్నయ్య బాబాయి ఎదురుగా కాళ్ళు చాపుకుని వేళ్ళ సందులు ఆరబెట్టుకుంటున్నాడు. పైకి మనుషుల్ని చేరవేసే ఇనప బుట్టని నడిపేది ఆయనే. బుట్టలో పైకి వెళ్ళడానికి ఆరు రోజులు పడుతుంది. అంతకన్నా తొందరగా లాగితే రక్తంలో గాలి బుడగలు కట్టి చచ్చిపోతాం.

"తుఫాన్ల కాలం ముందరున్న ఆఖరి బుట్ట ఎప్పుడు బాబాయ్?"

"నువ్వు లెక్కెట్టే రోజుల్లో చెప్పాలంటే నాలుగొందల యాభై. ఆ తరవాత ఆరు నెల్లు బుట్ట లేదు."

"ఈలోగా దిగుద్దంటావా నా లెక్క?"

ఆయన కాలివేళ్ళ వంకే చూస్తూ, "నాకు తాడు సంగతి తెలుసు గానీ ఒంటి సంగతి తెలీదమ్మా" అన్నాడు.

తిన్నది: చేప, నాచుకూర. రోజూ ఇదే. ఇకమీద వేరేది తింటేనే రాస్తాను.

రోజు 398

లెక్క: 60. బిళ్ళలు మింగుతున్నాను. చేదు మందు రోజుకి నాలుగుసార్లు నోట్లో తిప్పి ఉమ్ముతున్నాను.

ఇవాళ ఫోన్ రోజు. పదిహేను రోజులకోసారి పది నిమిషాలు. ముత్యానికి ముందు పన్ను ఊడిందట. మాట్లాడుతుంటే మధ్యలో గాలి వస్తోంది. ఏం చేశావమ్మా పన్నుని అంటే, మట్టిలో పాతిపెట్టానంది. మట్టి. దాన్ని నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

"ఎలా ఉంటుందే మట్టి?"

"పొడిగా ఉంటుంది. నీళ్ళు పోస్తే వాసనొస్తుంది."

ఎలాంటి వాసనో అడిగేలోగా టైమైపోయింది.

రోజు 405

లెక్క: 63. పెరిగింది.

డాక్టరమ్మ కాగితం బల్లమీద పెట్టి నావంక చూసింది. "రత్నం, నిజం చెప్పు. దొంగతనంగా ఏమన్నా తింటున్నావా?"

"లేదు డాక్టరమ్మా."

"కోప్పడను. చాలామంది తింటారు. తిన్నావని తెలిస్తే మందు మార్చాల్సిన పని ఉండదు. తినకుండానే ఇలా ఉంటే నా దగ్గర వేరే మందు లేదు."

"పుస్తకంలో అంతా రాశాను. చదువుకోండి."

ఆవిడ చదివింది. నమ్మిందో లేదో తెలియలేదు. రెండేళ్ళుగా నేను పిండిముద్ద ముక్క నోట పెట్టలేదు. వంటశాల ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ఊపిరి బిగబట్టి వెళతాను. తొట్టెల్లో పిండి ఉడికేటప్పుడు వచ్చే ఆ తియ్యటి ఆవిరి గొంతులోకి పోతే, ఆ రోజంతా ఇంకో ఆలోచన రాదు.

మధ్యాహ్నం నీళ్ళలోకి దిగాను. పంటిపట్టు కరిచిపట్టి, గొట్టం గాలి పీలుస్తూ తూర్పు కిటికీలు మొత్తం గీకాను. మా వీధి కిటికీ దగ్గర కాసేపు ఆగిపోయాను. లోపల మా గది కనిపిస్తుంది. ముత్యం ఉన్నప్పుడు అద్దానికి ముక్కు ఆనించి, చప్పిడిముక్కుతో నన్ను నవ్వించేది. నీళ్ళలో నవ్వితే పంటిపట్టు జారిపోతుందని తెలిసే చేసేది.

రోజు 412

లెక్క: 61. మూడు రోజులుగా తలలో మబ్బు పట్టినట్టుంది. గీకుడుకత్తి ఎక్కడ పెట్టానో గుర్తురాక అరగంట వెతికాను. నడుముకే వేలాడుతోంది.

రోజు 413

ఫోన్ రోజు. ముత్యం రాలేదు. పోలారావు ఒక్కడే మాట్లాడాడు.

"ఇప్పుడు బాగానే ఉంది రత్నం. నిద్రపోతోంది."

"ఇప్పుడు అంటే ఏటి మావా? ముందు బాలేదా?"

అప్పుడు చెప్పాడు, తొమ్మిది రోజులు జ్వరమట. నాకు తెలిస్తే తిండి మానేస్తానని చెప్పలేదట.

"ఎవరు చూసుకున్నారు? నువ్వు పనికెళ్ళినప్పుడు?"

"పక్కింటావిడ. మంచి మనిషి. పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని పగలంతా కూచునేది."

ఆవిడకి నా తరఫున చెప్పమన్నాను. ఏం చెప్పమన్నానో గుర్తులేదు.

తరవాతిది కూడా రాస్తున్నాను. ఫోన్ గది నుంచి తిన్నగా వంటశాలకి వెళ్ళాను. పిండిముద్ద పెట్టించుకున్నాను, మీద పాకం పోయించుకున్నాను. వడ్డించే ఆవిడ నా ముఖం చూసి పెట్టింది. మూడు ముద్దలు తిన్నాను. మొదటి ముద్దకి కళ్ళనీళ్ళొచ్చాయి. రెండో ముద్దకి రుచి తెలిసింది. మూడోది ఎందుకు తిన్నానో తెలియదు.

రోజు 414

నిన్న సాయంత్రం నడవాలో గోడ పట్టుకుని నడుస్తూ, ముత్యానికి పాడే జోలపాట పెద్దగా పాడానట. గున్నయ్య బాబాయి చెయ్యిపట్టుకుని గదిలో దింపాడట. నాకు సగమే గుర్తుంది.

నీళ్ళలోకి దిగేముందు అందరిచేతా ఊపిరి ఊదించి చూస్తారు. ఇవాళ నా ఊపిరిలో ఇంకా సారా ఉంది. పద్నాలుగు రోజులు నీళ్ళలోకి దిగకూడదన్నారు.

డాక్టరమ్మ పుస్తకం చదివింది. నిన్నటి రోజు కింద తన పేరు రాసి సంతకం పెట్టింది. "ఇది రాశావు కాబట్టి, ముందు రాసినవన్నీ కూడా నిజమేనని నమ్ముతున్నాను" అంది.

రోజు 419

లెక్క ఎనభై దాటుతుందనుకున్నాను. 47 వచ్చింది. డాక్టరమ్మ రక్తం మళ్ళీ తీసి మళ్ళీ చూసింది. 47.

నీళ్ళలోకి దిగని రోజులు పొడుగ్గా ఉన్నాయి. నా పని వేరేవాళ్ళు చేస్తున్నారు. అద్దం లోపలివైపు నుంచి చూస్తూ, మూలలు వదిలేస్తున్నారని తిట్టుకుంటున్నాను.

రోజు 426

లెక్క: 33. నాలుక మీద పూత పలచబడింది. పొద్దున లేచి, ఒక్క ఊపులో నిలబడ్డాను.

రోజు 427

ఇవాళ పుస్తకం మొదటినుంచి చదివాను. తిండి మారలేదు, ఆ మూడు ముద్దలు తప్ప. మందు మారలేదు. పొడిగది మారలేదు. తగ్గిన రెండు వారాల్లో లేనిది ఒకటే, నీళ్ళు. నీళ్ళలో ఏముందని ఆలోచించాను. చేతులకి తొడుగులుంటాయి, ఒంటికి తోలుచొక్కా ఉంటుంది. నోట్లోకి వెళ్ళేది ఒక్కటే.

పంటిపట్టు తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. గాలిగొట్టం చివర పళ్ళతో కరిచిపట్టుకునే రబ్బరు ముక్క అది. ఎవరి పళ్ళకి తగ్గట్టు వాళ్ళకి పోతపోస్తారు. నాది పదకొండేళ్ళ కిందటిది. ఆవిడ అంచునుంచి సన్నటి పొర కోసి భూతద్దాల కింద పెట్టి చూసింది. చాలాసేపు తలెత్తలేదు. తరవాత నన్ను చూడమంది. రబ్బరులో సూదిమొన లాంటి కన్నాలు, కన్నం కన్నంలోనూ తెల్లటి మొలకలు.

"రోజూ కడుగుతాను డాక్టరమ్మా. ఉప్పునీళ్ళతో తోముతాను."

"పైన కడిగితే లోపలిది పోదు. నేను మందేసి చంపుతున్నాను, నువ్వు దీన్ని కరిచిపట్టుకుని మళ్ళీ నాటుకుంటున్నావు. నాకు ముందే తట్టాల్సింది. నీమీద అనుమానపడ్డాను. తప్పు నాది."

అలాంటి మాట ఒక డాక్టరు నోట వినడం అదే మొదలు. ఫరవాలేదు లెండి అన్నాను.

రోజు 428

పంటిపట్టుని మరగబెట్టి చూశారు. రబ్బరు పగిలింది. కొత్తది పోతపోసే యంత్రం చెడిపోయి నాలుగేళ్ళయింది. పట్టు లేనివాళ్ళకి నీళ్ళలో పని లేదు. ఇక నేను నీళ్ళలోకి దిగను.

దాన్ని కాల్చేముందు ఒకసారి చేతిలోకి తీసుకోనిచ్చింది డాక్టరమ్మ. నా పళ్ళ గుర్తులు లోతుగా ఉన్నాయి. పదిహేడేళ్ళ వయసులో మొదటిసారి బయటికి దిగినప్పుడు, దీపాల వెలుతురు దాటి నాలుగడుగులు వెళ్ళి నిలబడ్డాను. చుట్టూ ఏమీ లేదు, నా ఊపిరి చప్పుడు తప్ప. అప్పుడు కలిగిన ఆనందం పెళ్ళప్పుడు కూడా కలగలేదు. ఈ మాట పోలారావుకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇది పోయినందుకు ఏడవాలో, దీనివల్ల పిల్లకి దూరమైనందుకు దీన్నే తిట్టాలో తెలియలేదు. ఇచ్చేశాను. కాల్చేసింది.

ఇవాళ ఫోన్‌లో ముత్యం దగ్గింది. నీరసం కొంచెం ఉందంది. ఇంకేమీ చెప్పలేదు, నేనే మాట్లాడాను.

రోజు 433

లెక్క: 20.

ఇరవైకి తక్కువ రావాలి. ఇరవై వస్తే లెక్కలోకి రాదు. ఇవాళ పంతొమ్మిది వచ్చుంటే మూడో పరీక్ష 447న అయ్యేది. ఇప్పుడు మూడోది 454. బుట్ట 450న కదులుతుంది.

"పంతొమ్మిదని రాయండి డాక్టరమ్మా." అడిగేశాను.

"రాయను."

"ఒక్క అంకె."

"పైన పసిపిల్లలున్నారు రత్నం. వాళ్ళలో నీ కూతురుంది. దాని ఊపిరితిత్తులు ఎలాంటివో నీకన్నా ఎవరికి తెలుసు?"

నేను లేచి వచ్చేశాను. ఆవిడ మాట నిజమని నడవా చివరికి వచ్చేసరికే తెలుసు. అయినా కోపం పోలేదు.

రోజు 440

లెక్క: 17.

రోజు 443

ఫోన్‌లో పోలారావుతో చెప్పాను, తుఫాన్లయ్యాకే వస్తానని. ఆరు నెలలే కదా అన్నాడు.

మధ్యాహ్నం పొడిగదిలో గున్నయ్య బాబాయికి అంతా చెప్పాను. ఆయన విన్నాడు. కాళ్ళు తుడుచుకుని చెప్పులేసుకున్నాడు.

"తాడుకి గ్రీజు రాసి ఏడాదయింది. రాయకుండా ఎత్తితే నాకు భయం. నాలుగు రోజులు పడద్ది."

"బాబాయ్, తుఫాను."

"నాలుగొందల అరవైరెండు దాకా పెద్ద గాలి రాదు. ముప్ఫయ్యేళ్ళ నుంచి చూస్తన్నాను. నాలుగొందల యాభైనాలుగు మధ్యాన్నం ఎత్తితే అరవైకి పైకి చేరతావ్. ఒకట్రెండు కెరటాలు కొడతాయి. కళ్ళు మూసుకుని కూచో."

"నాకోసం అబద్ధమాడకు."

"గ్రీజు నిజంగానే రాయాలమ్మా. ఎప్పుడు రాయాలన్నది నా ఇష్టం."

రోజు 447

లెక్క: 16. బుట్టలో పైకి వెళ్ళాల్సిన మిగతా ముగ్గురూ ఆలస్యానికి సణుగుతున్నారు. గున్నయ్య బాబాయి తాడు చుట్ట మీద కూచుని చేతులనిండా గ్రీజుతో పనిచేసుకుంటున్నాడు. వాళ్ళు ఎంత అరిచినా తలెత్తలేదు.

రోజు 454

పొద్దున లెక్క: 15. డాక్టరమ్మ చీటీ రాసి ఇచ్చింది. "తీపి ఎప్పటికీ వద్దు. తగ్గిందని మర్చిపోకు. పోలేదు, తగ్గింది అంతే" అంది. మధ్యాహ్నం బుట్ట ఎక్కాను. గున్నయ్య బాబాయి తలుపు బిగిస్తూ, పైన ఎండ ఎలా ఉంటుందో ఫోన్‌లో చెప్పమన్నాడు. ఆయన ఎప్పుడూ పైకి వెళ్ళలేదు. తాడుకి ఈ చివర ఒకడుండాలి కదా.

బుట్ట కదిలాక కిటికీలన్నీ ఒకసారి కిందినుంచి వెలిగి కనిపించాయి. తూర్పు కిటికీల మూలల్లో గుల్లలు అలాగే ఉన్నాయి.

రోజు 460

చివరి పది బారల్లో కెరటాలు కొట్టాయి. నలుగురం ఒకళ్ళమీద ఒకళ్ళం పడ్డాం. ఒకాయనకి నుదురు పగిలింది. తలుపు తీశాక వెలుతురు కళ్ళలోకి దూరి, ఎవరు ఎవరో కనిపించలేదు. నడవబోయి పడిపోయాను. నేల కదలకపోవడం వింతగా ఉంది.

పన్నెండు రోజులు గాజుగదిలో ఉండాలి. గాజుకి అవతల ఒక కుర్చీ, మాట్లాడటానికి చిన్న జల్లెడ.

రోజు 461

వాళ్ళొచ్చారు. పోలారావు బాగా నల్లబడ్డాడు. ముత్యం రెండు జడలు వేసుకుంది, బడి బట్టల్లో ఉంది. నా భుజం దాకా ఎదిగింది. వాళ్ళ నాన్న వెనక సగం దాక్కుని నావంక చూసింది.

"బాగున్నారా?" అంది.

ఎవర్ని అడుగుతోందోనని వెనక్కి చూడబోయాను. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.

"బళ్ళో నేర్పారు, పెద్దవాళ్ళందర్నీ అలాగే అనాలని" అన్నాడు పోలారావు తల వంచుకుని. వెళ్ళేటప్పుడు పిల్ల వాళ్ళ నాన్నతో అంది: "నాన్నా, నా సంచి నువ్వు పట్టుకో."

రోజు 464

ముత్యం నేరేడుపళ్ళు తెచ్చింది. తనే చెట్టెక్కి కోసిందట. గోడలో ఉన్న చిన్న తలుపులోంచి దొన్నె లోపలికి పెట్టింది. "తినండి" అంది.

దొన్నె చేతిలోకి తీసుకున్నాను. వాటిమీద ఇంకా దుమ్ముంది. వాసన చూశాను. తినకూడదని చెప్పాను, ఎందుకో చెప్పాను, ఏడేళ్ళ పిల్లకి అర్థమయ్యేలా. అది విని తల ఊపింది. ముఖం మాత్రం చిన్నబోయింది.

రోజు 465

పోలారావు ఒక్కడే వచ్చాడు. "హోమ్‌వర్కు ఉందట" అన్నాడు. ఇద్దరం పావుగంట గాజుకి అటూ ఇటూ కూచున్నాం. ఇన్నాళ్ళు దూరంగా ఉన్న పిల్ల, దగ్గరవడానికి ఎందుకు తొందరపడతావన్నాడు. నేను తొందరపడలేదన్నాను. గాజుకి చెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి చూసేసరికి, నాలుగువందల రోజుల్లో అతని కోసం ఏడ్చిన ఏడుపు ఎంత తక్కువో గుర్తొచ్చి సిగ్గేసింది. నా చెయ్యి కూడా ఆనించాను.

రోజు 469

లెక్క: 15. తిన్నది: చేప, గోంగూర. గోంగూర ఇదే మొదలు. పులుపంటే ఇది కూడానా అని నవ్వుకున్నాను.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. ముత్యం కుర్చీలో కూచుని బడి సంగతులు చెబుతోంది. పందెంలో పరిగెత్తి పడిందట. రొమ్ము పట్టెయ్యకుండా పరిగెత్తగలిగిందా అని అడిగితే, ఇప్పుడు దగ్గు రాదుగా అంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మోకాలి మీద చెక్కు గీకుతోంది.

"గీకకమ్మా" అన్నాను.

వినిపించుకోలేదు. మిగతావాళ్ళెలా ముందు పరిగెత్తారో చెబుతోంది, వేలు మాత్రం మోకాలి మీదే ఉంది. చెక్కు చివర లేచి కొంచెం రక్తం కనిపించింది.

"ముత్యం, చెయ్యి తియ్యి. పుండవుతుంది."

"అబ్బా, నువ్వు ఊరుకో అమ్మా, చెబుతున్నానా" అంది విసుగ్గా.

పోలారావు తలెత్తి నావంక చూశాడు. పిల్ల గమనించలేదు, కథ చెబుతూనే ఉంది. చెక్కు గీకుతూనే ఉంది.

నేను ఊరుకున్నాను.